సీసా పోసే ముందు కింద అట్టముక్క పెట్టండి

సంపాదకుల వారికి,

ఆదివారం మీ వాహనాల పేజీలో సూర్యాపేట పాఠకుడొకరు అడిగిన ప్రశ్న చూశాను. వాళ్ల నాన్న కాలం నాటి విదేశీ కారు ఉందట, దాని ఆటోమేటిక్ గేర్‌బాక్స్ నుంచి నూనె కారుతోందట, ఏం చేయమంటారని అడిగారు. మీ జవాబు నాలుగు లైన్లు. లీకులు ఆపే మందు సీసా ఒకటి పోసి చూడండి, ఆగకపోతే గేర్‌బాక్స్ మార్చుకోండి, విడిభాగాలు దొరకవు కాబట్టి తుక్కుకు ఇచ్చేయడం కూడా ఆలోచించండి అన్నారు. నొప్పి ఎక్కడో అడక్కుండానే మాత్ర రాసిచ్చి, తగ్గకపోతే కాలు తీసేద్దాం అన్నట్టుంది.

నేను మిర్యాలగూడలో సాగర్ రోడ్డు పక్కన షెడ్డు పెట్టుకున్న మెకానిక్‌ని. 1981 నుంచి 1989 దాకా సౌదీలో, దమ్మాంలో ఒక గ్యారేజీలో పనిచేశాను. అక్కడ వచ్చేవన్నీ అమెరికా బండ్లే, అన్నీ ఆటోమేటిక్. ఎనిమిదేళ్లు వాటి కింద పడుకునే గడిచాయి. తిరిగొచ్చాక ఇక్కడ ట్రాక్టర్లు, డీసీఎంలు, వరికోత మిషన్లు. ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌ను మళ్లీ ముట్టుకుంటానని అనుకోలేదు. ఒక ఇంపాలా వల్ల ముట్టుకున్నాను. ఆ బండికీ దాదాపు మీ జవాబులాంటి సలహాయే ఇచ్చారు, అందుకే ఈ ఉత్తరం. పొడుగైతే కత్తిరించుకోండి, కానీ వేలితో చూడమన్న చోట మాత్రం కత్తిరించకండి.

ఆ బండి 1964 నాటి షెవ్రొలే ఇంపాలా. మా ఊళ్లో రైస్ మిల్లున్న ఒక సేటు గారి తాత, ఎంబసీ వాళ్లు వాడి వదిలేసిన బండ్లను ఎస్టీసీ అనే ప్రభుత్వ వాణిజ్య సంస్థ అమ్మే రోజుల్లో, వేలంలో పాడి తెచ్చుకున్నాడు. ఆరు సిలిండర్ల ఇంజన్, పవర్‌గ్లైడ్ గేర్‌బాక్స్. పవర్‌గ్లైడ్ అంటే రెండే గేర్లు, లో ఒకటి, డ్రైవ్ ఒకటి. ఇంత సాదాసీదా ఆటోమేటిక్ గేర్‌బాక్స్ మరొకటి లేదని మా దమ్మాం ఫోర్‌మన్ అంటుండేవాడు. ఈ బండి ఏడాదికి ఒకసారి, దసరాకు బయటికొస్తుంది. పూజ చేసి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, జమ్మి చెట్టు దాకా పోయొచ్చి మళ్లీ షెడ్డులోకి.

మూడేళ్ల కింద దసరాకు ఆ బండి జమ్మి చెట్టు దగ్గర నుంచి తిరిగొస్తూ వెనక తెల్లగా పొగ కక్కింది. మిల్లులో ఊక కాల్చినట్టు, వెనకొచ్చే వాళ్లకు దారి కనబడనంత పొగ. గేరు పడేటప్పుడు ఎవరో వెనక నుంచి తన్నినట్టు ఒక దెబ్బ. సేటు దాన్ని లారీ మీద వేసి ఒక పెద్ద గ్యారేజీకి పంపాడు. ఏ ఊరో, ఎవరో రాయను. వాళ్లు ఇంజన్ పిస్టన్ల రింగులు పోయాయన్నారు, గేర్‌బాక్స్ దించి మొత్తం విప్పాలన్నారు, రెంటికీ కలిపి లక్షన్నర దాకా చెప్పారు. లేదంటే ఇంజన్ తీసేసి ఏదైనా జీపు డీజిల్ ఇంజన్, దాని గేర్‌బాక్స్ వేసేద్దాం, హాయిగా తిరుగుతుంది అన్నారు. ఈ రెండో మాటకు సేటు సగం ఒప్పుకున్నాడు కూడా. నా దగ్గరికి వచ్చింది ఒక రకంగా శవపంచనామాకే.

బండి చూడ్డానికి వాళ్లింటికి పోయాను. షెడ్డులో కింద సిమెంటు మీద మూడు చోట్ల మరకలున్నాయి. ఎప్పటి నుంచి కారుతోందని సేటును అడిగితే ఈ ఏడే మొదలైందన్నాడు. డ్రైవరూ అదే మాట. అరుగు మీద కూర్చున్న సేటు వాళ్లమ్మ అందుకుంది.

"ఈ ఏడేంది బిడ్డా? చానా ఏండ్ల సంది కారుతున్నది. దసరా నాడు పొద్దుగాల సాన్పి చల్లి ముగ్గేసేతందుకు నేనే కదా వచ్చేది. గుమ్మడికాయ కొట్టకముందుకే బండి కింద ఎర్రగుంటది. నేను జెప్తె ఎవలింటరు? కుంకుమ నీళ్లు అంటరు."

నలభై ఏళ్లు చేశాను ఈ పని. ఇంతకంటే మంచి సాక్ష్యం నాకెప్పుడూ దొరకలేదు. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ నూనె ఎర్రగా ఉంటుంది, కావాలనే రంగు కలుపుతారు, లీకైతే ఇంజన్ ఆయిల్ కాదని తెలియడానికి. ఈ ఇంట్లో ఏడాదికి ఒక్కరోజే బండి కదులుతుంది, ఆ రోజే గుమ్మడికాయ కొడతారు, అందులో కుంకుమ. అందరూ ఎర్ర మడుగును దిష్టి నీళ్లు అనుకున్నారు. ముగ్గేసే మనిషికి మాత్రం ఏది ముందు, ఏది వెనక అనేది తెలుసు.

ఏడాదంతా నిలబడ్డ బండి కింద మడుగు ఎందుకు కడుతుందో కూడా చెబుతాను. ఇంజన్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్య టార్క్ కన్వర్టర్ అని ఒక గుండ్రటి డబ్బా ఉంటుంది. బండి నడుస్తున్నప్పుడు దాని నిండా నూనె. బండి నెలల తరబడి నిలబడితే ఆ నూనె మెల్లగా కిందికి, గేర్‌బాక్స్ అడుగున ఉన్న చాంబర్‌లోకి దిగుతుంది. చాంబర్‌లో మట్టం పెరుగుతుంది. షాఫ్టుల చుట్టూ నూనె బయటికి రాకుండా ఆపే రబ్బరు సీళ్లు మామూలుగా నూనె మట్టానికి పైన ఉంటాయి, అప్పుడు నూనెలో మునుగుతాయి. అరవై ఏళ్ల రబ్బరు, ఎండి బొగ్గులాగా ఉంటుంది, దాని పక్క నుంచి జారడానికి నూనెకు ఎంతసేపు? నెలకొకసారి పావుగంట తిప్పి ఉంటే ఈ మడుగులో సగం ఉండేది కాదు. సేటుకు ఈ మాట చెబితే పెట్రోలు ధర చెప్పాడు.

ఇక పొగ. ఇంజన్ పొగ మీద అందరికీ ఒకే అనుమానం, రింగులు. కానీ ఈ బండి పొగతో పాటు గేరు దెబ్బ కూడా కొడుతోంది. ఆ రెండూ ఒకేసారి మొదలయ్యాయంటే రెంటినీ కలిపే చోట చూడాలి. అలాంటి చోటు ఒకటుంది. గేర్‌బాక్స్ వెనక భాగాన చిన్న పెరుగు గిన్నె సైజులో ఒక రేకు డబ్బా బిగించి ఉంటుంది. దాన్ని వాక్యూమ్ మాడ్యులేటర్ అంటారు. ఇంజన్ గాలి పీల్చుకునే గొట్టం, అంటే మానిఫోల్డ్ నుంచి సన్న పైపు ఒకటి దానికి వస్తుంది. ఇంజన్ మీద బరువు ఎంత పడుతోందో ఆ పైపులో పీల్పును బట్టి తెలుసుకుని గేర్‌బాక్స్ లోపల నూనె ఒత్తిడిని అది సర్దుతుంది. డబ్బా లోపల రబ్బరు పొర. పొరకు ఒక పక్క గేర్‌బాక్స్ నూనె, ఇంకో పక్క ఇంజన్ పీల్పు. ఆ పొర చిరిగితే ఇంజన్ స్ట్రా పెట్టి సోడా తాగినట్టు గేర్‌బాక్స్ నూనెను తాగుతుంది. తాగిందంతా తెల్ల పొగై సైలెన్సర్‌లో నుంచి పోతుంది. పీల్పు సరిగా అందక ఒత్తిడి ఎక్కువగా ఉండిపోతుంది, గేరు దెబ్బకొడుతుంది. నేల మీద ఒక్క చుక్క పడకుండానే నూనె చూసే గేజి కడ్డీ మీద మట్టం తగ్గిపోతుంది.

చూడ్డం ఎంతసేపు? బండి ఆపి, కింద దూరి, డబ్బా నుంచి ఆ రబ్బరు పైపును లాగేశాను. పైపు నోట్లో చిటికెన వేలు పెట్టి తీశాను. వేలికి కుంకుమ అద్దినట్టు ఎర్రగా నూనె. బయటికొచ్చి ఆ వేలిని సేటుకు చూపించాను. ఆ పైపులో గాలి తప్ప ఇంకేమీ ఉండకూడదు. లక్షన్నర పని అక్కడితో అయిపోయింది. రింగులు బాగానే ఉన్నాయి, తర్వాత కంప్రెషన్ కూడా చూశాం. కొత్త మాడ్యులేటర్‌ను అమెరికాలో ఉన్న సేటు మేనల్లుడు పంపాడు. ఈ గేర్‌బాక్స్‌కు అది స్క్రూలాగా తిరిగి బిగుస్తుంది, మామూలు పానా మందం వల్ల అక్కడ పట్టదు. పాత పానా ఒకటి గ్రైండర్ మీద పల్చగా అరగదీసుకున్నాను. విడిభాగాలు దొరకవని మీరు రాశారు కదా, పవర్‌గ్లైడ్‌ను అమెరికాలో ఇప్పటికీ డ్రాగ్ రేసుల బండ్లకు వాడతారు. దాని సామాన్లు మన పాత అంబాసిడర్ సామాన్ల కన్నా తేలిగ్గా దొరుకుతాయి.

అది ఒక లీకు. నేల మీది మూడు మరకల సంగతి వేరు.

మరక ఉన్న చోటికి నేరుగా పైన చూసి అదే లీకు అనుకోవడం చాలామంది చేసే తప్పు. బండి నడుస్తుంటే గాలి నూనెను వెనక్కి తోస్తుంది, బరువు దాన్ని కిందికి లాగుతుంది. అందుకే తడి కనబడిన చోటికి పైనా, ముందరా వెతకాలి. మొదట డీజిల్ పోసి, బ్రష్షుతో అరవై ఏళ్ల మడ్డంతా కడిగాను. ఆరాక దాని మీద పొడి చల్లాలి, నూనె కారితే పొడి మీద గీత పడుతుంది. పెద్దమ్మ తన ముగ్గు డబ్బా ఇవ్వబోయింది. వద్దన్నాను. ముగ్గు రాతి పొడి, సీలు పెదవి దగ్గరికి చేరితే షాఫ్టును గీరుతుంది. మొహానికి రాసుకునే పౌడరు డబ్బా తెప్పించాను. కోడలు పిల్ల ఇచ్చింది కానీ మొహం మాడ్చుకునే ఇచ్చింది.

బండి వేడెక్కేదాకా తిప్పి, కింద తెల్ల అట్టలు పరిచి రాత్రంతా వదిలేశాం. పొద్దున పౌడరు మీద ఎర్ర గీతలు స్పష్టంగా కనబడ్డాయి. ఒకటి చాంబర్ అంచు నుంచి. ఇంకొకటి ప్రొపెల్లర్ షాఫ్టు దూరే వెనక సీలు నుంచి. మూడోది ముందర, ఇంజన్, గేర్‌బాక్స్ కలిసే చోట ఉండే బెల్ హౌసింగ్ అనే తొడుగు అడుగు నుంచి. గేరు లివర్ కడ్డీ దూరే చోట కూడా చెమ్మ ఉంది. కానీ అది అక్కడి నుంచే వస్తోందా, పై నుంచి జారిందా తేలలేదు. దానికి మాత్రం నూనెలో వెలుగు రంగు కలిపి, మిల్లు కౌంటర్లో దొంగనోట్లు పట్టే నీలం దీపం తెచ్చి చీకట్లో చూశాను. కడ్డీ చుట్టూ పచ్చగా ఉంగరంలా వెలిగింది. అక్కడిదే.

చాంబర్ దించి చూస్తే నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఎవరో పాత మేస్త్రి ప్యాకింగ్ మీద సిలికాన్ పేస్టు వేలెడంత మందాన దట్టించాడు. బయటికి పొంగింది సరే, లోపలికి పొంగింది? అది ఊడి చిన్న చిన్న ముక్కలై ఫిల్టర్ జాలీకి పట్టుకుని ఉంది. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ లోపల వాల్వ్ బాడీ అని ఒకటుంటుంది, నూనె దారులన్నీ అందులో చీమల పుట్టలాగా ఉంటాయి. జాలీ దాటి ఒక్క ముక్క అందులో ఇరుక్కుంటే గేరు పడదు. అప్పుడు నిజంగానే గేర్‌బాక్స్ పోయిందంటారు. దాన్ని పోగొట్టింది మాత్రం లీకు ఆపడానికి పూసిన పేస్టు.

కారణం ప్యాకింగ్ కూడా కాదు, బలం. పద్నాలుగు బోల్టులు, ప్రతి ఒక్కటీ లారీ వీల్ నట్టులాగా బిగించి ఉంది. అలా బిగిస్తే రేకు చాంబర్ అంచు బోల్టు రంధ్రాల దగ్గర పైకి ఉబ్బుతుంది. ఉబ్బిన చోట ప్యాకింగ్ నలిగిపోతుంది, రెండు బోల్టుల మధ్య మాత్రం వదులైపోతుంది. కారుతోందని మళ్లీ బిగిస్తారు, ఇంకా ఉబ్బుతుంది. నేను చాంబర్ అంచును చెక్కదిమ్మె మీద పెట్టి, గుండు సుత్తితో ఒక్కో రంధ్రం చుట్టూ మెల్లగా కొడుతూ చదును చేశాను. మిల్లులో మిగిలిన గ్రానైటు ముక్క మీద బోర్లించి, కింద సిగరెట్ ప్యాకెట్ కాగితం దూరుతుందేమో చుట్టూ చూశాను. దూరిన చోట మళ్లీ సుత్తి. మధ్యాహ్నం అంతా దానికే పోయింది. పనివాడు కుర్రాడు "ఉస్తాద్, గీ రేకు కోసం గింత సేపా?" అన్నాడు. ఆ రేకు చదునుగా లేకపోతే ఎంత ఖరీదైన ప్యాకింగ్ వేసినా దండగే.

ప్యాకింగ్ అమెరికా నుంచి రావాల్సిన పని లేదు. మన రైతుల ట్రాన్స్‌ఫార్మర్లు రిపేరు చేసే షాపుల్లో రబ్బరు కలిసిన కార్క్ షీటు దొరుకుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ లోపల వేడి నూనెను ఆపేది అదే. మూడు మిల్లీమీటర్ల మందంది తెచ్చి, చాంబర్ అంచు మీద పరిచి, సుత్తి చిన్న తలతో అంచు వెంట కొట్టుకుంటూ పోతే ఆకారం దానంతట అదే తెగుతుంది. బోల్టులన్నీ ముందు వేళ్లతో తిప్పాను. తర్వాత చిన్న పానాతో మధ్య నుంచి చివరలకు, ఎదురెదురుగా. కార్క్ అంచు కాస్త ఉబ్బినట్టు కనబడగానే ఆపేయాలి. దీనికి మణికట్టు బలం చాలు, భుజం బలం వద్దు. బండి వేడెక్కి చల్లారాక ఇంకొక్కసారి తడిమి చూశాను.

వెనక సీలు సికింద్రాబాద్ రాణిగంజ్‌లో దొరికింది. కంపెనీ పేరు అడగకుండా పాత సీలు పట్టుకుని పోయి లోపలి కొలత, బయటి కొలత, మందం, ఈ మూడూ వెర్నియర్‌తో చూపించాను. మామూలు నైట్రైల్ రబ్బరుది కాకుండా వేడికి ఆగే వైటాన్‌ది తీసుకున్నాను, మన ఎండల సంగతి తెలుసు కదా. సీలు ఒక్కటి మార్చి బిగించేస్తే నెలకే మళ్లీ కారుతుంది. సీలు తీసినప్పుడే షాఫ్టును పట్టుకుని పైకీ కిందికీ ఊపి చూడాలి. షాఫ్టును పట్టి ఉంచే లోపలి బుష్ అరిగి షాఫ్టు ఊగుతుంటే కొత్త సీలు ఏం చేస్తుంది? మా బండికి బుష్ బాగుంది కానీ షాఫ్టు మీద పాత సీలు పెదవి ఒరుసుకుని ఒక సన్నటి గీత పడింది, గోరు తగులుతుంది. కొత్త సీలును రెండు మిల్లీమీటర్లు అటు జరిపి దింపాను, దాని పెదవి నున్నటి చోట కూర్చునేలా.

బెల్ హౌసింగ్ లీకు మాత్రం ముట్టుకోలేదు. అక్కడ కారేది రెండు రకాలు కావచ్చు. నల్లగా ఉంటే ఇంజన్ వెనక సీలు, ఎర్రగా ఉంటే గేర్‌బాక్స్ ముందర పంపు సీలు. మాది ఎరుపే. దాన్ని మార్చాలంటే గేర్‌బాక్స్ నిజంగా దించాలి. అట్ట మీద రాత్రికి రెండు మూడు చుక్కలు, అంతే. ఏడాదికి ఒకరోజు తిరిగే బండికి ఆ రెండు చుక్కల కోసం అంత పెద్ద పని వద్దన్నాను. కింద ఒక రేకు పళ్లెం పెట్టమన్నాను. నిజం చెప్పాలంటే మీరు రాసిన సీసా మందు ఏదైనా కాస్త పనికొస్తే ఇక్కడే. ఆ సీసాల్లో ఎండిన రబ్బరును ఉబ్బించి మెత్తబరిచే రసాయనాలుంటాయి. గట్టిపడిన సీలు కొన్నాళ్లు మళ్లీ పట్టుకోవచ్చు. చిరిగిన పొరను అది అతికించదు, ఉబ్బిన రేకును చదును చేయదు, అరిగిన బుష్‌ను నింపదు. కొందరు దాని బదులు బ్రేక్ ఆయిల్ పోయమంటారు. రబ్బరు ఉబ్బుతుంది నిజమే, లోపలున్న మంచి సీళ్లు కూడా ఉబ్బి మెత్తబడి పాడవుతాయి. దయచేసి ఆ సలహా ఎప్పుడూ అచ్చు వేయకండి.

నూనె సంగతి కూడా మీ జవాబులో లేదు. సేటు డ్రైవర్ ఇన్నేళ్లూ మట్టం చూసింది ఇంజన్ ఆయిల్ చూసినట్టే, బండి ఆపి. ఆటోమేటిక్‌లో అది తప్పు. సమంగా ఉన్న నేల మీద, బండి బాగా వేడెక్కాక, హ్యాండ్ బ్రేకు వేసి, ఇంజన్ నడుస్తుండగా చూడాలి. ఈ పవర్‌గ్లైడ్‌కు న్యూట్రల్‌లో. ఇంజన్ ఆపితే కన్వర్టర్ నూనె దిగి మట్టం ఎక్కువ చూపిస్తుంది. గేజి మీద రెండు గీతల మధ్య తేడా అర లీటరే, అందుకని లీటరు సీసా బోర్లించకుండా కొంచెం కొంచెంగా పోయాలి. ఎక్కువైతే తిరిగే గేర్లు దాన్ని మజ్జిగలా చిలుకుతాయి, నురగై గాలిగొట్టం నుంచి బయటికి కక్కుతుంది. అదీ లీకులాగే కనబడుతుంది. అలాంటి లీకుకు మందు నూనె తీసేయడమే.

1964లో ఈ బండికి కంపెనీ చెప్పింది టైప్ ఏ అనే నూనె. అందులో స్పెర్మ్ వేల్ అనే తిమింగలం నూనె కలిసేదట. 1970ల మొదట్లో అమెరికా దాన్ని నిషేధించాక కంపెనీలు వేరే రసాయనాలకు మారాయి. ఈ ముక్క దమ్మాంలో విన్నప్పుడు నేను నమ్మలేదు, తర్వాత చదివితే నిజమే. ఇప్పుడు డెక్స్రాన్ రకం ఎర్ర నూనె పోస్తే సరిపోతుంది, పవర్ స్టీరింగ్ కోసం మన షాపుల్లోనే అమ్ముతారు. మా వైపు అలవాటు ఏంటంటే, ట్రాక్టర్‌కో జేసీబీకో తెచ్చిన హైడ్రాలిక్ నూనె డబ్బాలో మిగిలితే అదే పోసేయడం. దాంతో లోపలి క్లచ్ ప్లేట్లు సరిగా పట్టవు. ఇప్పటి ఆటోమేటిక్ కార్లున్న వాళ్లు ఈ ఉత్తరం చదివి డెక్స్రాన్ పోయకండి. ఆటోమేటిక్‌లలో సీవీటీ అనే రకానికి వేరే నూనె ఉంటుంది, డబుల్ క్లచ్ రకానికి వేరేది. మీ బండి పుస్తకంలో రాసిందే పోయండి.

ఇంకొకటి మన జిల్లా వాళ్లు తెలుసుకోవాల్సింది. గేర్‌బాక్స్ నూనె చల్లబడేది రేడియేటర్‌లోనే, రెండు సన్న గొట్టాలు అక్కడిదాకా పోతాయి. మనం రేడియేటర్‌లో పోసేది బోరు నీళ్లు. నల్లగొండ బోరు నీళ్లు మనుషుల ఎముకలనే వదల్లేదు. అది ఫ్లోరైడ్, రేడియేటర్‌ను పట్టేది ఆ నీళ్లలోని సున్నం, ఏదైతేనేం, బోరు ఒకటే. లోపల గార పేరుకుంటే నూనె చల్లబడదు, వేడి నూనెలో సీళ్లు త్వరగా గట్టిపడతాయి. సేటు బండి రేడియేటర్ విప్పితే టీ కెటిల్ అడుగులా ఉంది. కడిగించి, కూలెంట్, ఆర్వో నీళ్లు కలిపి పోయించాను. ఎప్పుడైనా రేడియేటర్ మూత తీస్తే నీళ్లు గులాబీ రంగు మిల్క్‌షేక్‌లా కనబడితే లోపలి కూలర్ పగిలి నూనె, నీళ్లు కలిశాయని. అప్పుడు బండి స్టార్ట్ కూడా చేయకండి.

తుక్కు మాట అన్నారు కాబట్టి రెండు ముక్కలు. 2021 జులైలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన బండ్లు వింటేజ్ కింద వస్తాయి. కొత్తగా రిజిస్టర్ చేయిస్తే 20 వేల రూపాయల ఫీజు, వీఏ అక్షరాల నంబరు, పదేళ్ల గడువు. రోజూ తిప్పడానికి కాదు, ప్రదర్శనకు, ర్యాలీకి, పెట్రోలుకు, రిపేరుకు. కానీ ఛాసిస్, బాడీ, ఇంజన్ మార్చి ఉండకూడదు. ఆ పెద్ద గ్యారేజీ మాట విని డీజిల్ ఇంజన్ వేసి ఉంటే సేటు ఇప్పుడు ఆ దరఖాస్తు పెట్టుకోగలిగేవాడు కాదు.

మొత్తం ఖర్చు నా కూలితో కలిపి పదకొండు వేల చిల్లర అయింది. అందులో ఎక్కువ భాగం మాడ్యులేటర్‌ది, దాని పార్సిల్‌ది.

సూర్యాపేట పాఠకుడికి నాదొక విన్నపం. మీ బండి ఏదో, ఏ సంవత్సరందో నాకు తెలియదు. ఇంపాలా కాకపోవచ్చు, మీ గేర్‌బాక్స్‌కు మాడ్యులేటర్ ఉండొచ్చు, లేకపోవచ్చు. ఏ బండైనా సరే, ఈ రాత్రి దాని కింద ఇంజన్ దగ్గర్నుంచి వెనక చక్రాల దాకా తెల్ల అట్ట పరచండి. ముందు వైపు ఏదో అట్ట మీద బాణం గుర్తు పెట్టండి, పొద్దున మర్చిపోతారు. ఒట్టి జాకీ మీద నిలబెట్టి మాత్రం కిందికి దూరకండి, ఎంతటి మెకానిక్ చెప్పినా సరే. పొద్దున ఆ అట్ట తీసుకుని మిర్యాలగూడ రండి, బండి అక్కర్లేదు. సాగర్ రోడ్డు మీద ఇంపాలా బాగుచేసిన షెడ్డు ఏదని అడిగితే ఎవరైనా చూపిస్తారు. మంగళవారం వద్దు, ఆ రోజు కోత మిషన్ల పని ఉంటుంది.

ఇట్లు,
ఒక పాత మెకానిక్,
మిర్యాలగూడ, నల్లగొండ జిల్లా